అన్నీ డిలీట్ కొట్టేయాలా అన్నా?

"అన్నా, మాది తిరుపతి. టెక్సాస్‌లో ఎమ్మెస్ అయిపోవస్తా ఉండాది, ఉద్యోగాలకు అప్లై చేస్తా ఉండాను. కంపెనీవాళ్లు ఆన్‌లైన్‌లో మన పేరు వెతుకుతారంట. రూమ్మేట్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టా అన్నీ డిలీట్ కొట్టేయమంటున్నారు. కొట్టేయనా?"

వద్దు తమ్ముడూ. రేపు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వచ్చి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కని చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌కు పోతావు కదా, అప్పుడు నింపే డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2019 నుంచి ఇదే పద్ధతి. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ వాళ్లు, హెచ్-4 మీద వచ్చే వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టాలన్నారు కూడా. ఖాతా తీసేసినా వాడింది వాడినట్టే. రాయకుండా దాటేస్తే అదింకో తలనొప్పి.

నిజంగా కొంప ముంచేది లింక్డిన్. ఇక్కడ కొన్ని కన్సల్టెన్సీలు రెజ్యూమెలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎక్కిస్తాం, లింక్డిన్ కూడా అట్లే మార్చు అంటాయి. సరేనని మారుస్తావు. 2021లో బెంగళూరులో ఉద్యోగమని అందులో ఉంటుంది. అదే ఏడాది కాలేజీ ఫేర్‌వెల్‌లో పంచె కట్టుకుని దిగిన ఫొటోలో ఫ్రెండ్స్ నిన్ను ట్యాగ్ చేసి ఉంటారు. నీ ప్రొఫైల్ ఎంత తుడుచుకున్నా వాళ్ల ప్రొఫైళ్లు తుడవలేవు కదా! పైగా వీసా కాగితాల్లో ఒక తేదీ, లింక్డిన్‌లో ఇంకో తేదీ ఉంటే ఆఫీసర్ ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు, కన్సల్టెన్సీవాడు కాదు. అనుభవం లేకపోతే లేదనే రాయి. చేసిన ప్రాజెక్టులు పెట్టు.

ఇంక హీరోల కోసం, పార్టీల కోసం, కులం పేరుతో పెట్టిన కామెంట్లు. వీటిని మాత్రం కూర్చుని ఏరిపారెయ్. ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్ తెరిస్తే ఎప్పుడో పెట్టినవి కూడా బయటపడతాయి. తెలుగులో తిట్టాను, తెల్లోడికేం తెలుస్తుందిలే అనుకుంటావేమో. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేది పీలేరాయనో, పలమనేరు అమ్మాయో కావచ్చు. ఆ బూతు వాళ్లకు నీకన్నా బాగా అర్థమవుతుంది.

గంగమ్మ జాతరలో వేషం కట్టిన ఫొటోలుంటే వాటి జోలికి పోవద్దు. ఇది మా ఊరి అమ్మవారి మొక్కు అని కింద ఒక లైన్ ఇంగ్లీషులో రాస్తే చాలు. మన జాతరను దాచుకునే ఉద్యోగం మనకెందుకు?

పేరు సంగతి కూడా చూసుకో. మన చిత్తూరు వైపు చానామందికి తమిళోళ్ల మాదిరి నాన్న పేరు ఇనీషియల్‌గా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక తీరు, లింక్డిన్‌లో ఒక తీరు, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో ఇంకో తీరు రాస్తే నిన్ను వెతికేవాడికి వేరేవాడెవడో తగులుతాడు. అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్ పెట్టి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (లాగిన్ లేని ప్రైవేట్) విండో తెరిచి అందులో నీ పేరు నువ్వే వెతుక్కుని చూడు.

ఉద్యోగమిచ్చే ముందు మన పాత వివరాలు ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కూడా ఈ పేర్ల తికమక వస్తుంది. కంపెనీ బయటి ఏజెన్సీతో చెక్ చేయిస్తే, 1970 నాటి అమెరికా ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం ముందు నీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ రిపోర్టు చూసి వద్దనుకుంటే, ఆ మాట చెప్పేలోపే కాపీ నీకివ్వాలి. ఆ మెయిల్ వస్తే ఉద్యోగం పోయిందని ముసుగుతన్ని పడుకోవద్దు. మొత్తం చదువు. నీ పేరే ఉన్న ఇంకొకడి కేసు నీ నెత్తిన పడి ఉంటే వెంటనే ఇది తప్పని ఏజెన్సీకి డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టి, హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి అది తేలేదాకా ఆగమని అడుగు.