పోర్చుగల్ కాగితాల విషయమై మేనకోడలికి

గుంతకల్లు

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

మీ నాన్న పుట్టుక ఆధారంగా నీవు పోర్చుగల్ పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు. 1957లో, పోర్చుగల్ పాలనలో ఉన్న గోవాలోని మడగావ్‌లో పుట్టినవాడు కాబట్టి మీ నాన్నకు ఆ హక్కు ఉంది. 1961 డిసెంబరు 19న గోవా మన దేశంలో కలిసేదాకా అక్కడ పుట్టినవారికే గాక, వారి బిడ్డలకు కూడా పోర్చుగల్ ఆ దారి మూయలేదు.

ముందు మీ నాన్న జననం లిస్బన్‌లో నమోదు కావాలి, ఆ పైన మీ అమ్మానాన్నల పెళ్లి, ఆ తరువాతే నీ జననం. గోవా నుంచి పాత జనన రిజిస్టరు నకలు తెప్పించుకో, ఇక్కడి పత్రాలకు అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, వేయించు, అసలు కాగితాలను ఏ ఏజెంటు చేతిలోనూ వదలకు. ఇవి నీకు తెలిసినవే. నేను చెప్పవలసింది ఆ నడుమనున్న పెళ్లి కాగితం గురించి, ఎందుకంటే అందులోని తప్పు నాది.

1986లో వాళ్ల పెళ్లి, వేర్వేరు మతాలవారు కూడా పెళ్లాడే వీలున్న స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద జరిగింది. ముప్పై రోజుల నోటీసు గడువు ముగిసిన నాడు మా నాయన ఇల్లు కదలలేదు. మా వైపు నుంచి వెళ్లినవాడిని నేనొక్కడినే. నా దస్తూరీ బాగుంటుందని ఫారం నా చేతికిచ్చారు. జుజే అన్న పేరు నాలుక తిరగక, మన రైల్వే కాలనీ అంతా మీ నాన్నను జోసెఫ్ గార్డు అనే పిలిచేది, నేనూ అదే రాశాను. ఆయన చూసి, "బావా, నా పేరు జుజే కదా" అన్నాడు. "రెండూ ఒకటేలే" అని సంతకం పెట్టించాను. నిజం చెప్పాలంటే, జోసెఫ్ అయితే మా నాయన చెవికి కాస్త తెలిసిన పేరులా వినిపిస్తుందని, ఆయన కోపం ఒక పిసరైనా తగ్గుతుందని నా ఆశ. ఆయన ఆ కాగితం వైపు చూడనే లేదు.

ముప్పై ఏళ్లపాటు ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. 2017లో మీ నాన్న రిటైరైనప్పుడు సర్వీసు రిజిస్టరులో జుజే, పెళ్లి పత్రంలో జోసెఫ్ అని తేలింది. కుటుంబ పెన్షన్‌కు మీ అమ్మ పేరు ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎండలో తిరిగి తిరిగి వచ్చి, "అన్నా, నువ్వు రాసిన పేరే గదా" అని నవ్వి, నాకే కాఫీ కలిపి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరూ ఒకరేనని అప్పుడు ఇచ్చిన అఫిడవిట్‌ను నమ్ముకుని లిస్బన్‌కు పంపవద్దు. పెళ్లి రిజిస్టరులోనే పేరు సరిదిద్దించడానికి ముందుగా ప్రయత్నించు. మీ నాన్న తిరగగలిగినప్పుడే ఆ పని కానివ్వాలి. ఆనాటి ముగ్గురు సాక్షుల్లో మిగిలింది నేనే. ఎక్కడికి రమ్మన్నా వస్తాను.

ఇంకొక మాట కోపంగానే చెబుతున్నాను. రెండు పాస్‌పోర్టులు జేబులో ఉంచుకోవచ్చని నీ స్నేహితులెవరో అన్నారట. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదవ సెక్షన్ ప్రకారం, కోరి మరో దేశ పౌరసత్వం తీసుకున్ననాడే మన పౌరసత్వం పోతుంది. మన పాస్‌పోర్టును అప్పగించి, వేరే దేశ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. దాచిపెట్టి ప్రయాణం చేశావంటే నేను క్షమించను. ఆ కార్డుతో జీవితాంతం వచ్చిపోవచ్చు గాని, ఓటు ఉండదు, సాగుభూమి కొనడానికీ దానంగా పుచ్చుకోవడానికీ వీలుండదు.

నా దిగులంతా ఈ చివరి మాట దగ్గరే ఆగిపోయింది తల్లీ. గుత్తి దారిలోని మూడెకరాల వేరుశనగ చేను నీకు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నీవు లిస్బన్‌కు కాగితాలు పంపకముందే ఒకరోజు సెలవు పెట్టుకుని రా, రిజిస్ట్రేషన్ పూర్తి చేద్దాం. నీ ఆధార్‌లో పేరు ఎలా ఉందో ఒక్కొక్క అక్షరం విడదీసి రాసి పంపు. ఈసారి ఫారం నేను నింపను, నీవే నింపు.

మీ మామ