వెళ్లేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలా?

ప్రశ్న: మా అమ్మ జనవరిలో కువైట్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్తోంది. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కతే. టికెట్ మీద శంషాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే 12.30కి దిగుతుందని ఉంది. తిరుగు టికెట్‌లో మధ్యాహ్నం 1కి ఎక్కి రాత్రి 8కి దిగడం. ఒకే దారికి ఇంత తేడా ఏమిటి, వచ్చేటప్పుడు మధ్యలో విమానం మారాలా? ఆ ఉదయమే మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్ విమానంలో పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: టికెట్‌లో రెండు వైపులా ఒక్కొక్కటే ఫ్లైట్ నంబరు, పక్కన నాన్‌స్టాప్ అని ఉంటే ఎక్కడా మారక్కర్లేదమ్మా. టికెట్ మీద వేసే టైము ఎప్పుడూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది, వెళ్లేటప్పుడు ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్లది, వచ్చేటప్పుడు తిరగబడుతుంది, అందుకే ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే లెక్క తప్పుతుంది. కువైట్ మనకన్నా 2.30 గంటలు వెనక. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్కగట్టింది, అది మీకు దగ్గర్లోనే, కాకినాడ పక్కనుంచి పోతుంది. కువైట్ టైము 45 డిగ్రీలది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 37.5 డిగ్రీలకి 150 నిమిషాలు, అంటే సరిగ్గా ఆ రెండున్నర గంటలే. ఇప్పుడు వెళ్లేదానికి ఆ రెండున్నర కలిపి, వచ్చేదాంట్లోంచి తీసేసి చూడండి, వెళ్లడానికి 5 గంటలు, రావడానికి నాలుగున్నర.

మిగిలిన ఆ అరగంట గాలి వల్ల. శంషాబాద్ నుంచి కువైట్‌కి నేరుగా గీత గీస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. చలికాలంలో అంత ఎత్తున పడమర నుంచి తూర్పుకి గాలి చాలా జోరుగా వీస్తుంది, అమ్మ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా పట్టే సమయమంతా టికెట్ లెక్కలోకి వస్తుంది, గాల్లో ఉండేది అంతకన్నా తక్కువే.

ఇక మధురపూడి సంగతి, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. హైదరాబాద్‌కి గాల్లో 360 కిలోమీటర్లే, గంట పైచిలుకు ప్రయాణం, కానీ విదేశీ విమానానికి మూడు గంటల ముందు, అంటే ఏడింటికల్లా శంషాబాద్‌లో ఉండాలి. అమలాపురం నుంచి మధురపూడి దాదాపు 80 కిలోమీటర్లు, రావులపాలెం దగ్గర అరటి లారీలు అడ్డుపడకపోతే రెండు గంటలు, దానికితోడు జనవరి పొగమంచు, ఉదయం విమానాలు ఆలస్యమయ్యే రోజులు. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే మొదటి విమానం లేటైనందుకు రెండోవాళ్లు ఆగరు, డబ్బూ తిరిగి రాదు, సామాను కూడా శంషాబాద్‌లో అమ్మే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. మొదటిసారి వెళ్లే మనిషిని అంత హడావుడిలో పెట్టొద్దు. ముందు రోజే పంపండి, విమానమైనా రైలైనా సరే, ఆ రాత్రి హైదరాబాద్‌లో తెలిసినవాళ్లింట్లో పడుకుంటే చాలు.

మందులు, పాస్‌పోర్టు, అక్క ఫోన్ నంబరు రాసిన కాగితం చేతిసంచిలోనే ఉంచండి. అక్కడ 12.30 అంటే మీకు మధ్యాహ్నం 3 గంటలు, ఇమిగ్రేషన్, సామాను అయ్యి బయటికి రావడానికి ఇంకో గంట పట్టొచ్చు, కాబట్టి నాలుగు దాటేదాకా ఫోన్ రాలేదని కంగారుపడకండి.