పాత వస్తువులు – మీ ప్రశ్నలు: ముందు ఇనుము చూడండి, సంతకం తర్వాత

ప్రశ్న: నమస్తే సార్. ఒసాకాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో ఒక ఇనుప త్సుబా కొన్నాను. దాని మీద నోబుయే అని సంతకం ఉంది. నాలుగు వందల ఏళ్లనాటిదని అమ్మినాయన చెప్పాడు. మరీ తక్కువకి ఇచ్చేశాడు, అదే టెన్షన్‌గా ఉంది. ఫొటోలు పంపుతున్నాను. అసలుదేనంటారా?
– ఒక పాఠకుడు, ఒసాకా

జవాబు: త్సుబా అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక మాట. జపాన్ కత్తిలో పిడికీ అలుగుకీ మధ్య, చేతికి అడ్డుగా ఉండే లోహపు బిళ్ళ అది. ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది, అరచేతిలో పట్టేస్తుంది.

ధర తక్కువని దిగులు పడకండి. 1876లో జపాన్‌లోని మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు, కొందరు అధికారులు తప్ప మిగతావాళ్లు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. దాంతో కత్తుల నుంచి ఊడదీసిన సామగ్రి గుట్టలుగా బజారుకెక్కింది. సాధారణ పనివాడు చేసిన అసలైన త్సుబా ఇప్పటికీ అరుదేమీ కాదు. అనుమానించాల్సింది ఆ పేరుని. ఇనుప త్సుబాల్లో నోబుయేది చాలా పెద్ద పేరు. అంత పేరు కాబట్టే ఎడో యుగంలోనే (1603–1868) ఇతరుల పనితనం మీద ఆ పేరు చెక్కేశారు. అంటే త్సుబా పాతదే అయి, సంతకం ఒక్కటే దొంగది కావచ్చు. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా తేల్చుకోవాలి.

నా ఉద్యోగమంతా విశాఖలో పోత ఇనుము మధ్యే గడిచింది. అందుకని త్సుబా చేతికొస్తే నా కన్ను బొమ్మ మీదికి పోదు, రంధ్రాల లోపలి గోడల మీదికి పోతుంది. ఈ రోజుల్లో వచ్చే నకిలీల్లో ఎక్కువ భాగం మూసలో పోసినవే. పోసినవాడు పైభాగాన్ని ఎంత నున్నగా రుద్దినా, సన్నటి రంధ్రాల లోపలికి చేయి పెట్టే ఓపిక అతనికి ఉండదు. అక్కడ గోడ మధ్యలో మూస అతుకు గీత సన్నగా లేచి ఉంటుంది, లేదా గుండుసూది మొనంత బుడగ గుంటలు కనిపిస్తాయి. కొట్టి సాగదీసిన ఇనుములో రంధ్రాన్ని రంపంతో కోసి ఆకురాయితో రాస్తారు. ఆ ఆకురాయి గీతలు పాత తుప్పు కింద కూడా మసకగా తెలుస్తాయి. మీ రెండో ఫొటోలో ఆకు ఆకారపు రంధ్రం పక్కగోడ మీద అవి ఉన్నాయి. అతుకు గీత ఎక్కడా లేదు. అంచున అక్కడక్కడా మెరిసే గట్టి బుడిపెలున్నాయి, అవి కూడా చుట్టూ ఉన్న ఇనుములోంచి పుట్టినట్టే ఉన్నాయి. మధ్య రంధ్రంలో దిగగొట్టిన రాగి ముక్కలు నిజంగానే వేరే లోహం. నకిలీల్లో వాటిని ఇనుముతో కలిపి పోసేసి రంగు పూస్తారు. కాబట్టి మీ త్సుబా కొట్టి చేసినదే, పాతదే. ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఇక సంతకం. మధ్య రంధ్రం చుట్టూ ఉలితో గుద్దిన గాట్లు చూశారా? త్సుబాని ఫలానా కత్తికి బిగువుగా కూర్చోబెట్టడానికి గుద్దినవి అవి. పేరు చెక్కేది తయారీలోనే, కత్తికి అమర్చేది ఆ తర్వాత. కాబట్టి గాటు పడిన చోట అక్షరం నలిగిపోవాలి. మీ నాలుగో ఫొటోని పెద్దది చేసి చూడండి. ఎడమవైపు గాటులోంచి అక్షరపు గీత చెక్కుచెదరకుండా దూసుకుపోయింది. గాటు ముందు పడింది, పేరు తర్వాత వచ్చింది. పైగా గీత అడుగున ఉన్న రంగు చుట్టుపక్కల ముదురు గోధుమరంగులో కలవడం లేదు. ఇది నోబుయే చేతిది కాదు. అయినా ఆ ఇనుము చక్కటిది. సంతకాన్ని పట్టించుకోకుండా దాచుకోండి.

ప్రశ్న: మా మామగారు దాచిన కత్తి పిడి తొడుగులు రెండున్నాయి. నల్లటి లోహం మీద బంగారు పువ్వులు. మసిబారినట్టున్నాయి. చింతపండుతో తోమవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. అది మసి కాదు. అది షకుడో, అంటే రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన లోహం. ప్రత్యేకమైన ద్రావణంలో ఉడికించి ఆ నలుపు తెప్పిస్తారు, అది పైన పలచటి పొర మాత్రమే. పులుపు తగిలితే పొర పోయి ఎర్ర రాగి బయటపడుతుంది. ఇత్తడి పాలిష్‌లతోనూ అంతే. మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. భూతద్దంతో పువ్వుల వెనకున్న ఆ నల్లటి భాగాన్ని చూడండి. ఆవగింజ కన్నా బాగా చిన్న గుండ్రటి చుక్కలు వరుసలు కట్టి ఉంటే, ఒక్కొక్కటీ చేత్తో గుద్దినవైతే, చుక్కకీ చుక్కకీ మధ్య సందు స్పష్టంగా ఉంటుంది. పోత పోసిన వాటిలో చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయినట్టుంటాయి.

ప్రశ్న: టోక్యో సంస్థ సర్టిఫికెట్ ఉంటే కళ్లు మూసుకుని కొనేయవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కళ్లు మాత్రం తెరిచే ఉంచండి. మీరన్న సంస్థ, అంటే 1948లో ఏర్పడిన జపాన్ కత్తుల పరిరక్షణ సంఘం, ఇచ్చే కాగితాలకు విలువుంది. హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో అని కింది నుంచి పైకి నాలుగు మెట్లు. దొంగ సంతకమని తేలితే కాగితం ఇవ్వరు. 1982కి ముందు వేరే పద్ధతిలో ఇచ్చిన పాత కాగితాలను మాత్రం అంతగా నమ్మవద్దు. వాటిలో కొన్నిటి మీద వివాదాలున్నాయి. కాగితం అసలుదైనా, దాని మీది ఫొటోని వస్తువు పక్కన పెట్టి మధ్య రంధ్రం ఆకారం, గాట్ల సంఖ్య, అంచు మీద నొక్కులు ఒక్కొక్కటీ పోల్చండి. ఒకదాని కాగితం పెట్టి ఇంకోటి అంటగట్టేవాళ్లున్నారు. ఆన్‌లైన్‌లో కొంటుంటే రంధ్రాల లోపలి గోడల ఫొటో, పక్కగా వెలుతురు పడేలా తీసిన ఫొటో అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.