పీహెచ్‌డీ టాపిక్ ఖరారు చేసుకునే ముందు ప్లాంట్ రూమ్‌లోకి వెళ్లి చూడండి

ఎం.టెక్ అయిపోయింది, భవనాల్లో ఇంధన పొదుపు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, ఫేజ్ చేంజ్ మెటీరియల్స్ (కరుగుతూ వేడిని దాచుకుని, గడ్డకడుతూ వదిలేసే పదార్థాలు) తీసుకోవచ్చా అని అడిగారు. నేను చదివిందీ థర్మల్ సిస్టమ్సే, ఇప్పుడు చేస్తున్నదీ భవనాల ఎనర్జీ ఆడిట్లే. కాబట్టి సూటిగా చెప్తాను. కొత్త పదార్థాల జోలికి వెళ్లకండి. ఉన్న యంత్రాలు డిజైన్ చేసినట్టు ఎందుకు నడవడం లేదో తేల్చే పని పట్టుకోండి.

ఒకసారి పెద్ద ఆఫీసు భవనం ఆడిట్‌కి వెళ్లాం. బాగా రాత్రయింది, మనుషులు ఒకటి రెండు అంతస్తుల్లోనే ఉన్నారు. అయినా ప్లాంట్ రూమ్‌లో రెండు చిల్లర్లూ (ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే పెద్ద యంత్రాలు) నడుస్తున్నాయి. ఆపరేటర్‌ని అడిగితే, "ఒకటి ఆపితే ఉక్కగా ఉందని పైనుంచి ఫోన్లు మొదలవుతాయి సార్" అన్నాడు. అతను చెప్పింది నిజమే. డిజైన్ ప్రకారం చిల్లర్ నుంచి నీళ్లు 7 డిగ్రీల దగ్గర అంతస్తులకు వెళ్లి, వేడి తీసుకుని 12కి తిరిగి రావాలి. వస్తున్నది 9కి. అంటే అదే వేడిని బయటికి తేవాలంటే రెండున్నర రెట్లు నీళ్లు తిప్పాలి. ఒక్క చిల్లర్ గుండా అన్ని నీళ్లు పోవు, రెండోది వేయక తప్పదు. చిల్లర్లు రెండూ బాగానే ఉన్నాయి, రెండూ సగం లోడు కూడా లేకుండా తిరుగుతున్నాయి.

ఒక్కో అంతస్తూ తిరిగాం. ఒక ఏహెచ్‌యూ (ఆ నీళ్లతో గాలిని చల్లబరిచి గదుల్లోకి తోసే యంత్రం) గదిలో ఫ్యాన్ ఆగి ఉంది. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద దాని వాల్వ్ మూసి ఉన్నట్టే చూపిస్తోంది. రిటర్న్ పైపు మీద చెయ్యి వేస్తే మాత్రం సప్లై పైపంత చల్లగా తగిలింది, ఇన్సులేషన్ చిరిగిన చోట నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. వాల్వ్‌ని తిప్పే యాక్చుయేటర్ మూత తీసి, స్క్రీన్ నుంచి వాల్వ్ తెరవమని, మూయమని కమాండ్ ఇప్పించాం. మోటారు బుద్ధిగా తిరిగింది, కింద వాల్వ్ కడ్డీ కదల్లేదు. రెండింటినీ కలిపి పట్టే క్లాంప్ స్క్రూ వదులైపోయింది. వాల్వ్ బార్లా తెరుచుకుని ఉండటంతో చల్లటి నీళ్లు ఏ వేడీ తీసుకోకుండా వచ్చినదారినే వెనక్కి పోతున్నాయి. మరికొన్ని అంతస్తుల్లోనూ ఇదే కథ. ఆలెన్ కీతో బిగించుకుంటూ వెళ్లాం. రిటర్న్ నీళ్లు వేడెక్కాయి, రెండో చిల్లర్ ఆపారు, ఫోన్లేమీ రాలేదు.

నన్నడిగితే పెద్ద భవనాల్లో చాలావాటికి ఇదే జబ్బు. దీన్ని స్క్రీన్ మీది డేటాతోనే కనిపెట్టే పద్ధతి గట్టిగా తయారు చేయండి, అదే మంచి పరిశోధన. తక్కువ నీళ్లు తిప్పితే చాలు కాబట్టి పంపుల ఆదా కూడా కలిసొస్తుంది. వేగం 20 శాతం తగ్గితే పంపు తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

ఫేజ్ చేంజ్ మెటీరియల్స్ మీద నాకున్న కోపం వేరే. వాటిలో ఒకటైన పారాఫిన్ మైనం కిలోకి సుమారు 200 కిలోజౌల్స్ దాచుకుంటుంది, బాగానే ఉంది. కానీ పగలు కరిగింది రాత్రికి మళ్లీ గడ్డకట్టాలి కదా! రాత్రి కూడా వేడిగా ఉండే చోట అది గడ్డకట్టదు, మర్నాటికి గోడలో ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. పైగా దానిలోంచి వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. చాలా పేపర్లు ఒక్క రోజు సిమ్యులేషన్ గ్రాఫ్ చూపించి సరిపెడతాయి. వరసగా పది వేడి రోజులు నడిపి చూపించమంటే జవాబు ఉండదు. ఇక నాలుగు వైపులా అద్దాలు బిగించి ఎండనంతా లోపలికి పిలుచుకుని, ఆపైన ఆ భవనాన్ని చల్లబరచడానికి కొత్త టెక్నాలజీ కావాలనే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు కిటికీ బయట నీడ కల్పించండి. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెన్లు వేసి లాభం లేదు, ఆ వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు ఒక్కటి అడగండి: మనుషులు పనిచేస్తున్న భవనంలో ఏడాది పొడవునా కొలతలు తీసుకోవడానికి అనుమతి ఇప్పించగలరా అని. ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ ఉంది, అది చాలు అంటే వేరే గైడ్‌ని చూసుకోండి.