మోటారుకు నీళ్లు తాపడం తప్పా?

సందేహం: మాది అనంతపురం. చేపల తొట్టికని సెకండ్‌హ్యాండ్ కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి నీళ్లను వడగట్టే మోటారు డబ్బా) ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి, పైపులు తగిలించి, ప్లగ్ పెడితే మోటారు గరగరమంటుంది గానీ నీళ్లు పీల్చదు. మా పెద్దనాన్న చూసి, "దానికి ముందు నీళ్లు తాపల్ల కదరా" అన్నారు. అట్లే చేస్తే పనిచేసింది. ఈ సంగతి విజయవాడలో ఉండే స్నేహితుడికి రాస్తే, "తాపడం ఏంటి? తాగించడం అనాలి. అయినా యంత్రం తాగుతుందా? ప్రైమింగ్ అంటే సరిపోతుంది" అన్నాడు. ఏది సరి? ఇంకొకటి. మూత దగ్గర నీళ్లు వస్తున్నాయి. దాన్ని కారడం అనాలా, ఊరడం అనాలా?

సమాధానం: మీ పెద్దనాన్న మాటలో తప్పేమీ లేదు. మీ స్నేహితుణ్ని ఒకటి అడగండి: చెయ్యెత్తి బస్సును ఆపుతాడా, ఆగిస్తాడా? ఆగు–ఆపు, ఊగు–ఊపు, రేగు–రేపు ఎలాగో తాగు–తాపు కూడా అలాగే. చివరి గుకారం పోయి పుకారం వస్తే, తాను చేసే పని ఇంకొకరి చేత చేయించే పని అవుతుంది. 'ఇంచు' చేర్చి తాగించు అనడమూ ఉంది, అదీ సరే. రాయలసీమలోనూ తెలంగాణలోనూ బిడ్డకు పాలు తాపుతారు, ఎద్దులకు నీళ్లు తాపుతారు. కోస్తాలో పాలు పడతారు, పట్టిస్తారు. మీ స్నేహితుడికి తాపడం అనగానే ఆలయ గోపురానికి చేసే బంగారు తాపడం గుర్తొచ్చి ఉంటుంది. అది వేరే మాట, రేకు అతికించడం. ఇక 'తాపల్ల' అంటే తాపవలె. మన వైపు పోవల్ల, రావల్ల అన్నట్టే.

నా చెవికి తాగించడానికీ తాపడానికీ చిన్న తేడా వినిపిస్తుంది. వద్దనేవాడి చేత కషాయం తాగిస్తాం. తనంతట తాను తాగలేని పసిబిడ్డకు తాపుతాం. ఆ లెక్కన మీ మోటారుకు తాపడమే సరైన మాట. ఎందుకంటే అది తనంతట తాను తాగలేదు. లోపలి రెక్కల చక్రం గిర్రున తిరిగి నీళ్లను అంచుకు విసిరితేనే నడుమ ఖాళీ ఏర్పడి వెనకాల నీళ్లు వస్తాయి. చక్రం చుట్టూ గాలి ఉంటే ఆ విసురు పనిచేయదు. గాలి నీళ్లకన్నా దాదాపు 800 రెట్లు తేలిక. అందుకే ముందు నీళ్లు పోసి ఆ గాలిని వెళ్లగొట్టాలి. ప్రైమింగ్ అన్నా అదే.

యంత్రం తాగుతుందా అన్న ప్రశ్నకు జవాబు మీ స్నేహితుడి ఇంట్లోనే ఉంది. బండి పెట్రోలు తాగదా? వంకాయ నూనె తాగదా? కొత్త గోడ రంగు తాగేస్తుందనే కదా ముందు ప్రైమర్ కొట్టేది! ప్రైమింగ్ అనే మాటతో నాకు పేచీ లేదు గానీ, దానికి తెలుగు లేదంటేనే ఒప్పుకోను.

చిన్నప్పుడు మా ఊరి బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. పొద్దున్నే దానికి నీళ్లు తాపడం పిల్లల పని. పంపు నెత్తిన ఉన్న బిరడా తీసి, గరాటు పెట్టి, చెంబుతో పోస్తుంటే లోపలి గాలి బుడబుడమంటూ పైకొచ్చేది. బుడగలు ఆగి నీళ్లు అంచుకు నిలిస్తే తాపడం అయిపోయినట్టు. ఒక్కోసారి ఎన్ని బిందెలు పోసినా నిలిచేవి కావు. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ సరిగా మూసుకోక నీళ్లన్నీ బావిలోకే పోయేవి. అప్పుడు పేడ కలిపిన నీళ్లు పోసేవాళ్లు, ఆ సందు పూడేది. ఫుట్‌వాల్వ్‌ను ఊరంతా ఫుట్‌బాల్ అనేది. బావి అడుగున నిజంగా బంతి ఉందని నేను చాలా ఏళ్లు నమ్మాను. బావులు ఎండి బోర్లు వచ్చాక మోటారే నీళ్లలో మునిగి ఉంటోంది, దానికి తాపాల్సిన పనే లేదు. అందుకే ఈ మాట మీ పెద్దనాన్న దగ్గర ఉంది, మీ దగ్గర లేదు.

మీ ఉత్తరంలో నేను దిద్దాలనుకున్న మాట వేరే ఉంది. 'నీళ్లు పీల్చదు' అని రాశారు. బావి మీది ఇంజనుకు ఆ మాట చెల్లుతుంది, నీళ్లు కిందా మోటారు పైనా ఉంటాయి కాబట్టి. కానిస్టర్ ఫిల్టర్ తొట్టికి కింద, స్టాండు అరలో ఉంటుంది. పైపు ఒకసారి నిండితే చాలు, నీళ్లు పై నుంచి దాని వెంట వాటంతట అవే డబ్బాలోకి దిగుతాయి. వడగట్టిన నీళ్లను మోటారు తిరిగి తొట్టిలోకి ఎక్కిస్తుంది. కాబట్టి నీళ్లు దిగడం లేదా, ఎక్కడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. దిగకపోతే తప్పు మోటారుది కాదు. వచ్చే పైపు మడత పడి ఉంటుంది, లేదా కుళాయి మూసి ఉంటుంది, లేదా పైపులో గాలి నిలిచి ఉంటుంది. నీళ్లు దిగినా ఎక్కకపోతే అప్పుడు చక్రాన్ని చూడాలి. మీరు ఈసారి డబ్బా కడిగి బిగించేటప్పుడు దాన్ని నీళ్లతో నింపే మూత పెట్టండి. కుళాయిలు రెండూ తెరిచి, పోయే పైపు కొసను కాసేపు నీళ్లకు పైన ఉంచండి. లోపలి గాలికి బయటికి పోయే దారి ఉండాలి కదా. నీళ్లు దిగడం ఆగాకే ప్లగ్ పెట్టండి. ఆ తర్వాత డబ్బాను అటూ ఇటూ కొంచెం వంచితే మిగిలిన బుడగలు కూడా పోతాయి.

'గరగరమంటుంది' అని రాయడం మాత్రం చాలా బాగుంది. చాలామంది సౌండ్ వస్తోంది అని ఊరుకుంటారు, దాంతో మెకానిక్కుకు ఏమీ తెలియదు. గరగరమంటే గాలి పట్టిందని. గుయ్యిమంటూ నీళ్లు కదలకపోతే చక్రం ఇరుక్కుందని. మన బోరు నీళ్లకు సున్నం పేరుకుని అలా ఇరుక్కోవడం మామూలే, వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. టకటకమంటే చక్రం తిరిగే సన్నని ఇరుసు అరిగిందనో విరిగిందనో. ఇరుసు బండిదే కానక్కర్లేదు, దీనికీ ఆ మాట చక్కగా సరిపోతుంది. గాలి పట్టింది అన్నప్పుడు 'పట్టు' తుప్పు పట్టడం, బూజు పట్టడంలోనిదే. ఇంట్లో పెద్దవాళ్లు విని అంత్రం కట్టిద్దామంటే కంగారు పడకండి.

ఇక మూత సంగతి. ధారగానో బొట్టుబొట్టుగానో కిందికి జారితే కారడం. ఎక్కడి నుంచో తెలియకుండా తుడిచిన చోటే మళ్లీ చెమ్మ తేలితే ఊరడం. కారుతుంటే మూత వంకరగా కూర్చుందేమో, డబ్బా చీలిందేమో చూడండి. ఊరుతుంటే వాషర్ ఎండి ఉంటుంది. వాడకుండా మూలన పడేసిన పాత ఫిల్టర్లలో ఇది తరచూ జరుగుతుంది. ప్లగ్ తీసి, వాషర్‌ను వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. మెత్తగానే ఉంటే గాడిలోని ఇసుకా జిగురూ తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి బిగించండి. రాత్రికి డబ్బా కింద పాత న్యూస్‌పేపర్ పరిచి పెట్టండి. పొద్దున అది తడిగా ఉంటే ఇంకా ఊరుతున్నట్టే.