ప్రభుత్వం సంక్షేమానికి ఎక్కువ ఖర్చుపెడితే ఆదాయ అసమానత తగ్గుతుందా?

సాధారణంగా తగ్గుతుంది. కానీ ఎంత ఖర్చుపెట్టారన్నదాని కంటే అది ఎవరి చేతికి చేరిందన్నదే ముఖ్యం. అసమానతను గినీ సూచీతో కొలుస్తారు: అందరి ఆదాయమూ సమానమైతే 0, మొత్తం ఒక్కరికే పోతే 1. ఐర్లాండ్‌లో పన్నులు, పింఛన్లు, భత్యాలు లెక్కలోకి రాకముందు ఈ సూచీ చాలా ఎక్కువ. అవి కలిపాక 0.3 దగ్గరికి దిగుతుంది. బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన బోల్సా ఫమీలియా నేరుగా పేద కుటుంబాలకే నగదు ఇస్తుంది కాబట్టి, జీడీపీలో చిన్న వాటాతోనే అసమానత తగ్గడానికి తోడ్పడింది. పెట్రోలు సబ్సిడీ కథ దీనికి తలకిందులు. కార్లున్నవాళ్లే ఎక్కువ కొంటారు, రాయితీలో పెద్ద వాటా వాళ్లకే పోతుంది (దాన్ని సంక్షేమం అనడమే నాకు నచ్చదు). బడులు, ఆసుపత్రుల మీద పెట్టే ఖర్చు మాత్రం గినీలో వెంటనే కనిపించదు. ఆ లెక్క మామూలుగా చేతికొచ్చే డబ్బునే చూస్తుంది.