ఆపేసిన క్లౌడ్ ఖాతా నుంచి ఫొటోలు రాబట్టుకోవడం ఎలా?

తమ్ముడూ, నువ్వు బెర్లిన్‌లో ఉంటున్నావని, నీ క్లౌడ్ ఖాతాను కంపెనీ ఆపేసిందని, ఫొటోలు ఇమ్మని అడిగి ఆరు వారాలైనా జవాబు లేదని రాశావు. టెన్షన్ పడకు. కోపంలో మాత్రం ‘నా డేటా అంతా తీసేయండి’ అని రాయకు. యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 17వ అధికరణ కింద అది తొలగింపు కోరినట్టే, ఫొటోలు పోతాయి.

15వ అధికరణ కింద నీ డేటా నకలు, 20వ అధికరణ కింద వేరేచోట వాడుకోగలిగే ఫార్మాట్‌లో ఫైళ్లు కావాలని స్పష్టంగా రాయి. ప్రైవసీ పాలసీలో డేటా రక్షణ అధికారి చిరునామా ఉంటుంది, దానికే పంపు. వాళ్లకు గడువు ఒక నెల. క్లిష్టమైన కేసైతే మరో రెండు నెలలు తీసుకోవచ్చు, కానీ ఆ సంగతి కారణంతో సహా మొదటి నెలలోనే నీకు చెప్పాలి. నీకేమీ చెప్పలేదు కదా! పాత మెయిల్ తేదీని కూడా తప్పకుండా ప్రస్తావించు.

ఇలాగే నా డేటా అడిగినప్పుడు నన్ను ఒక సంస్థ పాస్‌పోర్ట్ స్కాన్ అడిగింది. నేనెవరో అన్నదానిపై సహేతుకమైన అనుమానం ఉంటేనే అలా అడగాలి. ఖాతాలో నమోదైన మెయిల్ నుంచే రాస్తున్నానని గుర్తుచేశాక ఊరుకున్నారు.

నువ్వు రాశాక కూడా కంపెనీ పలక్కపోతే బెర్లిన్ డేటా రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చెయ్యి, ఖర్చేమీ ఉండదు. కంపెనీ యూరప్ కార్యాలయం డబ్లిన్‌లో ఉన్నా సరే, ఫిర్యాదు నువ్వుండే ఊళ్లోనే ఇవ్వొచ్చు. భారతీయ పాస్‌పోర్ట్ అని వెనకాడకు, ఈ హక్కుకు పౌరసత్వంతో పనిలేదు.